తప్పు కొలతను మన్నించిన మెరకమ్మ తల్లి

సన్నేటి నగరంలో, పూల మార్కెట్ వెనక ఏటివైపు దిగే వీధిలో మెరకమ్మ తల్లి గుడి ఉంది. లోపల విగ్రహం కోసం వెతక్కండి, లేదు. పసుపు పూసిన నడుమెత్తు బండే అమ్మవారు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, ఏరూ దిబ్బలే. ఈ సీమను ఏలే దొర నలభై సాలె కుటుంబాలకు పేట కట్టించదలచి, లోయను కొలిచి పటం గీయమని ఓబయ్యను పంపాడు. తాడుతో నేల కొలవడంలో ఓబయ్యకు ఓబయ్యే సాటి. ఆ సంగతి అందరికంటే ముందు ఆయనే చెప్పేవాడు. నడివేసవిలో వచ్చి, ఏటి పక్కన చదును నేల చూసి, పేటకు ఇదే చోటని పటంలో గుర్తుపెట్టాడు. సాలెవాళ్లు పిల్లాపాపలతో వచ్చి గుడిసెలు వేసుకున్నారు.

అక్కడ గేదెలు మేపుకునే సాయమ్మ అది ఏటి పాత పాయ అని, అడుగున చెమ్మ ఉండబట్టే తన గేదెలు అక్కడ పొర్లుతాయని చెప్పింది. గేదెల్ని అడిగి పటం గీయాలా అని ఓబయ్య నవ్వాడు. తీరా మగ్గాల కోసం గుంటలు తవ్వితే మోకాటిలోతునే నీరు ఊరింది. తాడు పొడవూ వెడల్పూ చెబుతుందే గాని ఎత్తుపల్లాలు చెప్పదని ఆయనకు అప్పుడు తెలిసివచ్చింది. అయినా నోరు మెదపలేదు. పటం దొర చేతికి చేరిపోయింది, ఇప్పుడు తప్పన్నాడా, పరువు గంగపాలే.

ఆ సాయంత్రం ఈ బండ నీడన కునుకు తీస్తుండగా, పసుపు ముఖంతో ఒక పెద్ద ముత్తైదువ కలలో కనిపించింది.

"ఓబయ్యా, ఏరు పడుకునే పక్క మీద పసిపిల్లల్ని పడుకోబెట్టావు. వానలకు అది తిరిగొస్తుంది. నీ పరువు కాపాడుకుంటావా, వాళ్లని కాపాడతావా?"

కళ్లు తెరిచి లేచాడు. తిన్నగా దొర దగ్గరికి పోయి చేతులు జోడించాడు. "తప్పు కొలిచాను దొరా. పేటను లేపించండి."

దొర మండిపడి కొలువు ఊడబెరికాడు. పేటను మాత్రం బండ చుట్టూ ఉన్న మెరకకు మార్పించాడు. కొలువు పోయినా ఓబయ్య కదల్లేదు. సాయమ్మ ముందు నడిచి గట్లూ పాయలూ పల్లాలూ చూపిస్తుంటే, తాడు పక్కన పడేసి, బండ ముందు బంకమట్టితో లోయ మొత్తాన్ని మలిచాడు. పేట మారిన పదకొండో రోజున ఏరు పొంగి పాత పాయలోకి విరుచుకుపడింది. విడిచివచ్చిన గుడిసెల్లో ఒక్కటీ మిగల్లేదు. మెరక మీద చంటిబిడ్డతో సహా అందరూ క్షేమం. అమ్మయ్య అనుకుని ఓబయ్య అక్కడే కూలబడి, మనసు తేలికయ్యేదాకా ఏడ్చాడు.

నేటికీ మృగశిర కార్తె నాడు ఆయన వంశీకులు బండ ముందు మట్టితో లోయను మలిచి, బిందెడు నీళ్లు పోస్తారు. కొత్తగా ఇల్లు కట్టదలచినవారు నీళ్లు నిలిచే చోటేదో చూసుకుని, అక్కడ కట్టకుండా జాగ్రత్తపడతారు. నీళ్లు పోసే ముందు వంశంలో పెద్దవాడు అందరూ వినేలా "తప్పు కొలిచాం తల్లీ" అంటాడు. ఆపైన భక్తులు ఒక్కొక్కరే బండను తాకి, ఎన్నాళ్లుగానో దాచుకున్న తమ తప్పును పైకి చెప్పుకుంటారు. వేళ మించకముందు ఒప్పుకున్నవారి గడపను అమ్మ మునగనివ్వదు.