జానెడు దూరంలో ఆగిన కూత

ఎప్పటి మాటో నాకు తెలీదు. మా తాతనడిగితే తనకీ తెలీదన్నాడు గనక మీరూ అడక్కండి. ఏటికి ఈ ఒడ్డున తాటివలస, ఆ ఒడ్డున రేగులవలస ఉండేవి. ఏటా కోతలయ్యాక చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెడుగుడు ఆడేవి. గెలిచిన ఊరికి ఒక పొట్టేలు, మళ్ళీ ఏడాది దాకా మీసం మెలేసే హక్కూనూ.

తాటివలసలో అప్పలకొండ అని ఒకడుండేవాడు. ఏటి ఇసుక గంపతో మోసుకొచ్చి బరిలో పోసేది వాడే, నడిమి గీత గీసేదీ వాడే. ఆ గీత దాటి తన ఊరి పేరున ఒక్కసారి కూత పెట్టాలని వాడి కోరిక. మరి వాడి కాళ్ళు ఊరుకుంటాయా? ఊరుకోవు. తింటుంటే ఆడతాయి, నిద్రలోనూ ఆడతాయి. పెళ్ళాం బంగారమ్మ తన్నులు తప్పించుకోడానికి వేరే చాప వేసుకునేదట.

ఊరిపెద్ద చిన్నంనాయుడికి గెలుపు పిచ్చి. ఒక ఏడాది పొట్టేలు చేజారేసరికి కొండవాలు నించి ఇద్దరు ఆటగాళ్ళని తెచ్చాడు. వాళ్ళకి పాలు, వాళ్ళకి గుడ్లు, ఊరి కుర్రాళ్ళకి చప్పట్లు కొట్టే పని. అప్పలకొండ తలపాగా తీసి, "బాబూ, నన్నొక్క కూతకి దింపండి" అన్నాడు.

"వచ్చే ఏడు చూద్దాంలేరా" అన్నాడు నాయుడు.

రెండో ఏడు నలుగురొచ్చారు. అప్పలకొండ మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అదే మాట. కాళ్ళు ఊరుకున్నాయా? లేదు.

మూడో ఏడు నాయుడు పెద్ద ఎత్తే వేశాడు. పాతవాళ్ళని పంపేసి, రేగులవలసలో గట్టివాళ్ళు ఏడుగురుంటే ఏడుగుర్నీ తెచ్చేసుకున్నాడు. ఇంక మనకెదురెవరని ఊరంతా తెగ మెచ్చుకుంది. అప్పలకొండకి అప్పటికే చెంపలు నెరిశాయి.

"బాబూ, వయసైపోతంది."

"వచ్చే ఏడు చూద్దాంలేరా."

తీరా ఆఖరాట నాడు ఎదురుగా ఎవరు నిలబడ్డారనుకున్నారు? రేగులవలసే! మిగిలిపోయిన బాబాయిలూ, తమ్ముళ్ళూ కలిసి ఒక్కొక్క ఊరినే ఓడించుకుంటూ వచ్చేశారు. గీతకి అవతల బోసినోటి బాబాయి, ఇవతల ఆయన అన్నకొడుకు గవర్రాజు.

"ఏరా గవర్రాజూ, నన్ను పడేస్తావా? పొద్దున మీ పిన్ని పంపిన చద్దన్నం తిన్నావా, లేదా?"

గవర్రాజు తల గోక్కున్నాడు. తర్వాత చల్లగా గట్టు మీద కూలబడ్డాడు. "నాయుడుగారూ, ఏ ఊరి మీదైనా కూత పెడతాం. మా ఊరి మీద పెట్టలేం" అన్నాడు. మిగతా ఆరుగురూ వాడి పక్కనే కూర్చున్నారు.

నాయుడు వెనక్కి తిరిగి చూస్తే సొంత ఊరివాళ్ళంతా నేలచూపులు చూస్తున్నారు. మూడేళ్ళుగా కూతలన్నీ పైఊరివాళ్ళవే, ఈ ఏడైతే ఎవడి కాలికీ బరి ఇసుకే అంటలేదాయె. గంప పట్టుకుని అప్పలకొండ ఒక్కడే తలెత్తి చూస్తున్నాడు. ఈసారి వాడేమీ అడగలేదు.

నాయుడు గీత వైపు చెయ్యి చూపించాడు. "దిగు, అప్పలకొండా."

వాడు దిగాడు. వాణ్ణి చూసి ఇంకో ఆరుగురు దిగారు. ఆడి ఎన్నాళ్ళయిందో! ఒక్కొక్కడే అవుటైపోయి చివరికి అప్పలకొండ మిగిలాడు.

"తాటివలస తాటివలస తాటివలస" అని కూత అందుకున్నాడు. బాబాయిని తాకాడు, వెనుదిరిగాడు, ఏడుగురూ మీద పడ్డారు. కూత తెగలేదు. ఏడుగుర్నీ ఈడ్చుకుంటూ, తను మోసిన ఇసుకలోనే మోచేతుల మీద పాకాడు. చెయ్యి చాచాడు. గీత ఇంక జానెడుందనగా ఊపిరి చాలలేదు, కూత తెగింది. తాటివలస ఓడిపోయింది.

అయితే ఓడిపోయామన్నవాడు లేడు. బోసినోటి బాబాయే వాణ్ణి లేపి ఒంటికంటిన ఇసుక దులిపాడు. నాయుడు వాడి చెయ్యి పట్టుకుని, "వచ్చే ఏడు తొలి కూత నీదేరా" అన్నాడు. ఆ రాత్రి అప్పలకొండ కాళ్ళు ఆడలేదు. బంగారమ్మకి భయమేసి రెండుసార్లు లేచి చూసిందట.

వానాకాలంలో ఊళ్ళోకి జ్వరాలొచ్చాయి. వచ్చే ఏడు వచ్చింది, అప్పలకొండ లేడు.

ఇప్పటికీ తాటివలసకి పైఊరి ఆటగాళ్ళొస్తారు, పాలూ గుడ్లూ తింటారు, బాగా ఆడతారు కూడా. తొలి కూత మాత్రం ఊళ్ళో పుట్టినవాడిదే. వాడు ముందు వంగి, గీతకి జానెడు అవతల ఇసుకలో అరచెయ్యి ఆనించి, అప్పుడు లేచి కూత పెడతాడు. ఇంకో సంగతి. ఎవరైనా వచ్చి ఆడతానని అడిగితే, ఆ ఊళ్ళో "వచ్చే ఏడు" అనే మాట ఎవరి నోటా రాదు. కాస్త జరిగి చోటిచ్చి, "దిగు" అంటారు.