పూలమడి నడుమ

పొద్దు పొడవకముందే తాహిర్ తోటలోకి వచ్చాడు. ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని పూలమడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మడి అంచుల నిండా తెల్లటి పూలు విరగబూసి ఉన్నాయి. నడుమ మాత్రం, చేటంత మేర, ఆకన్నది లేకుండా ఎండుపుల్లలు. మధ్యాహ్నంలోగా ఆ బోడిని కప్పెట్టకపోతే ఇన్నేళ్ళ పేరూ ఒక్కసారిగా నేలపాలవుతుంది.

ఆ మొక్కని ఇంగ్లీషువాళ్ళు కాండీటఫ్ట్ అంటారు. ఆ కొండమీది సూఫీ మఠంలో వాళ్ళు తెల్లపూల మొక్క అనేవారు, అంతే. జానెడు ఎత్తుకి మించి పెరగదు, నేలని పట్టుకుని పాకుతుంది. చలికాలం మంచు కింద కూడా దాని ఆకు పచ్చగానే ఉంటుంది. వసంతం వస్తే ఆకు కనపడనంతగా పూస్తుంది. రాళ్ళనేలైనా సరే, నీళ్ళు నిలవకుండా ఉండి రోజంతా ఎండ తగిలితే చాలు. అది మనల్ని అడిగేదల్లా ఒక్కటే. పూలు అయిపోయాక మొహమాటపడకుండా పైభాగమంతా కత్తిరించెయ్యాలి.

తాహిర్ మడి తన చేతికి వచ్చిన మొదటి ఏడు కత్తిరించాడు. కొన్నాళ్ళపాటు అది గుండు గీసినట్టు కనిపించింది. దర్శనానికి వచ్చినవాళ్ళు చూసి, "అయ్యో, తోటకి ఇలా అయిందేం" అన్నారు. ఆ మాట తాహిర్‌కి ముల్లులా గుచ్చుకుంది. మరుసటి ఏడు కత్తెరని సామాన్ల గదిలో గోనెల వెనక పడేశాడు. మడి ఇష్టం వచ్చినట్టు పెరిగింది. వచ్చినవాళ్ళు ఆగి ఆగి చూశారు. "ఒక్క రెమ్మ తుంచనివ్వడు, కంటికి రెప్పలా కాచుకుంటాడు" అని చెప్పుకున్నారు. ఆ మాటలు వినబడితే తాహిర్ వినయంగా తల దించుకునేవాడు. తల దించుకోవడం కూడా అతనికి బాగానే అబ్బింది.

గురువు షేక్ బుర్హాన్ ఏమీ అనలేదు. ఆయన అనకపోవడాన్ని తాహిర్ మెచ్చుకోవడమనే అనుకున్నాడు.

కానీ కత్తెర తగలని మొక్క తొందరగా ముసలిదైపోతుంది. కొమ్మలు ముదిరి పుల్లలవుతాయి, పచ్చదనమంతా అంచులకి పాకిపోతుంది, నడుమ వట్టిపోతుంది. కిందటేడు పిడికెడంత ఉన్న బోడి ఈ ఏడు చేటంతయింది. దారిన పోయేవాళ్ళకి అది కనపడదు. దగ్గరికొచ్చి వంగి చూస్తేనే కనపడుతుంది.

ఇవాళ అందరూ వంగి చూస్తారు. కనుమ అవతల కొత్తగా కట్టిన మఠానికి తాహిర్‌ని గురువుగా పంపుతున్నారు. మధ్యాహ్నం నమాజు కాగానే షేక్ తన పాత ఉన్ని అంగీని అతని భుజాల మీద కప్పుతారు. అతన్ని తీసుకుపోవడానికి అక్కడి పెద్దలు వస్తున్నారు. ఆ పరంపరలో ఒక ఆచారం ఉంది. వెళ్ళేవాడు తాను పెంచిన మడిలోంచి ఒక మొక్కని అందరి ఎదుటా మట్టితో సహా తవ్వి తీసుకెళ్ళి, కొత్తచోట నాటాలి. అంచు నుంచి తవ్వితే ఒప్పుకోరు. నడుమ నుంచే తవ్వాలి.

ఆ అంగీ కోసం తాహిర్ పడుచుతనమంతా ధారపోశాడు. చేతికి అందే వేళకి దాన్ని వదులుకోవడం అతని వల్ల కాదు.

అంచుల్లోంచి పూలరెమ్మలు తుంచి ఎండుపుల్లల సందుల్లో ఒక్కొక్కటే గుచ్చాడు. తవ్వబోయే చోట మాత్రం వేరు పట్టిన పిలకని తెచ్చి పాతాడు. లేచి నిలబడి చూస్తే మడి నిండుగా ఉంది. ఎండకి వడలకుండా పైన తడిగుడ్డ కప్పాడు. అతిథులు వాకిట్లోకి వచ్చాక తీస్తే సరిపోతుందనుకున్నాడు.

ఎండెక్కుతుండగా షేక్ కర్ర ఊతంతో తోటలోకి వచ్చారు. చలికాలమంతా జ్వరంతో మంచాన పడి లేచిన మనిషి. తలపాగా కూడా లేదు. మడతపెట్టిన అంగీ చంకలో ఉంది. వచ్చి మడి పక్కనున్న బండమీద కూర్చుని అంగీని ఒళ్ళో పెట్టుకున్నారు.

"గుడ్డ తియ్యి నాయనా."

తాహిర్ గుడ్డ అంచుని ఇంకాస్త సర్దాడు. "దుమ్ము పడుతుందని కప్పాను హజ్రత్."

"ఎండలో పెరిగే మొక్క కదా. ఎండ తగలనీ."

గుడ్డ తీయక తప్పలేదు. షేక్ మడివైపు చాలాసేపు చూశారు. "బాగా పూసింది" అన్నారు.

"అంతా మీ దీవెన."

"కూర్చో. వాళ్ళు వచ్చేదాకా ఇద్దరం ఇక్కడే ఉందాం."

తాహిర్ కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని ముళ్ళమీద ఉన్నట్టే ఉంది. కొండమీద ఎండ తొందరగా ముదురుతుంది. కాసేపటికి నడుమ ఒక రెమ్మ మెడ వాల్చింది. దాని పక్కది కూడా మెత్తబడింది. అతను లేచి పరుగున వెళ్ళి కుండతో నీళ్ళు తెచ్చి నడుమ పోశాడు.

"అన్ని నీళ్ళు పోస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి" అన్నారు షేక్.

"ఎండ మరీ ఎక్కువగా ఉంది హజ్రత్."

"అంచున ఉన్నవాటికీ అదే ఎండ."

తాహిర్ ఖాళీ కుండ కింద పెట్టాడు. ఆయనకి తెలుసా? తెలిస్తే తిట్టవచ్చు కదా. తెలియకపోతే ఈ బండమీద ఎందుకు కూర్చున్నట్టు? గురువు ముఖంలోకి చూసే ధైర్యం లేక ఆయన చేతుల్ని చూశాడు. కర్ర మీది చెయ్యి సన్నగా వణుకుతోంది. నుదుటి మీంచి చెమట కారి గడ్డంలోకి పోతోంది. పెదవులు ఎండిపోయాయి.

"నీడలోకి పదండి హజ్రత్. మీకు ఎండ పడదని వైద్యుడు మరీ మరీ చెప్పాడు."

"నువ్వు వస్తే వెళ్దాం."

"నేను... మడి చూసుకోవాలి కదా."

"అయితే నేనూ చూసుకుంటాను."

ఒక్క మాట చెప్పేస్తే ముసలాయన లేచి నీడలోకి వెళ్ళిపోతారు. అదే మాటతో అంగీ కూడా వెళ్ళిపోతుంది. తాహిర్ ఆ మాటని గొంతుదాకా తెచ్చుకున్నాడు, మళ్ళీ మింగేశాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, గురువుని ఎండలో కూర్చోబెట్టి నోరు మూసుకున్నందుకు అంతకన్నా సిగ్గుగా ఉంది. రెండూ కలిసి లోపల దహించేస్తున్నాయి.

కింద దారిలో కంచరగాడిదల మువ్వలు వినపడ్డాయి. ఇంకొద్దిసేపు ఓర్చుకుంటే గండం గడుస్తుంది.

కనుమ అవతలి పెద్ద యాకూబ్ సాహెబ్ తనవాళ్ళతో లోపలికి వచ్చాడు. సలాములయ్యాయి. షేక్ లేవకుండానే బండ పక్కనున్న చిన్న గునపాన్ని తాహిర్ చేతికిచ్చారు.

"ఇతనే తాహిర్. ఇది ఇతను పెంచిన మడి. నడుమ నుంచి తవ్వి మీకిస్తాడు."

అందరూ వంగారు. యాకూబ్ సాహెబ్ కళ్ళు చిట్లించి చూశాడు. "నడుమ కాస్త వడిలినట్టుందే?"

ఎండకి వడిలాయి అంటే సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు చూశాడు తాహిర్ గురువు ముఖంలోకి. ఎండకి కందగడ్డలా ఉంది. ఆయన మడిని చూడటం లేదు, తననే చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు. జబ్బుమనిషి మంచం పక్కన, ఎప్పుడు కళ్ళు తెరుస్తాడా అని కూర్చున్నవాళ్ళ చూపు అది.

తాహిర్ గునపం పక్కన పెట్టేశాడు. ఒక రెమ్మ పట్టి లాగాడు. అది చప్పుడు లేకుండా ఊడి చేతికొచ్చింది. దాన్ని గురువు కాళ్ళ దగ్గర పెట్టాడు. ఇంకోటి లాగాడు, మరోటి లాగాడు. వేరున్న పిలకని కూడా వదల్లేదు. ఆఖరికి బోడి మొత్తం బయటపడింది.

"ఈ మడికి నడుమ లేదు" అన్నాడు. "కత్తిరిస్తే జనం అయ్యో అంటున్నారని మానేశాను. ఇవన్నీ పొద్దున గుచ్చినవి."

యాకూబ్ సాహెబ్ షేక్‌వైపు తిరిగాడు. "మరి మాకు గురువు?"

"వచ్చే వసంతానికి మళ్ళీ రండి" అన్నారు షేక్.

ఆయన ఒళ్ళోని అంగీ మడత విప్పారు. లోపల ఒక కత్తెర ఉంది. గోనెల వెనక పడేసిన కత్తెరే అది. దానిమీద తుప్పు మరక కూడా లేదు. ఏటా ఎవరో నూనె రాసి సానబెట్టినట్టు అంచు తళతళలాడుతోంది.

తాహిర్ కత్తెర మీంచి కళ్ళెత్తాడు. "మీకు మొదటి నుంచీ తెలుసు. అప్పుడే ఒక్క మాట చెప్పలేకపోయారా హజ్రత్?"

"కత్తెర ఎక్కడ దాచావో కనుక్కున్నాను. చెవులు ఎక్కడ దాచావో కనుక్కోలేకపోయాను."

తాహిర్ కత్తెర అందుకున్నాడు. కానీ వెంటనే మడివైపు తిరగలేదు. ఆయన ఒళ్ళోంచి అంగీ తీసుకుని, దాన్ని పూర్తిగా విప్పి, ఆ ముసలి తలమీద ఎండ పడకుండా కప్పాడు. అంచులు సరిచేశాడు. షేక్ వద్దనలేదు.

తర్వాత మడి దగ్గర కూర్చుని అంచున పూలున్న కొమ్మల కొసలు కత్తిరించాడు. తెల్లటి పూలు రాళ్ళమీద రాలాయి. అతిథుల్లో ఎవరో అయ్యో అన్నారు.

అంగీ నీడలోంచి షేక్ ముందుకి వంగి చూశారు.

"ఇంకా కిందికి" అన్నారు.