కూర్చుందా దస్తయ్యా?

అనగనగా, గువ్వల కనుమకి ఇంకా తారు రాని కాలం. ఎన్నేళ్ళయిందని అడగొద్దు. లెక్క చెప్పినవాళ్ళంతా తప్పే చెప్పారు. ఊకొట్టండి, చెబుతాను.

కనుమ మొదట్లో రెండు అంగళ్ళు. మధ్యలో బండ్ల బాట. ఈ పక్క తమ్ముడు దస్తయ్య, ఆ పక్క అన్న ఖాసిమయ్య. ఇద్దరూ మోటారు సైకిళ్ళు బాగుచేసేవాళ్ళే. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే. ఇద్దరికీ మాటల్లేవు.

తండ్రి పోయాక పానాల పెట్టె పంచుకున్నారు. నట్టు తిప్పే పానాల్లో రెండు జాతులు. ఇంగ్లీషు దొరల దేశం నుంచి వచ్చిన పాత సీమబండ్లకి ఇంచీ పానాలు, మన బండ్లకి నంబరు పానాలు. దీనిది దానికి పట్టదు, దానిది దీనికి పట్టదు. బుద్ధి ఉన్నవాడు ఆ పెట్టెను విడదీయడు. విడదీసిన పెద్దమనుషులు మా పక్క ఊరివాళ్ళు, ఇంకేం చెప్పను. ఇంచీలన్నీ అన్నకిచ్చారు. నంబర్లన్నీ తమ్ముడికిచ్చారు.

మర్నాడు అన్న వాటాలో ఒక పానా కనబడలేదు.

"దస్తగాడు తీశాడు" అన్నాడు ఖాసిమయ్య, నలుగురిలో.

దస్తయ్య తీయలేదు. నేను చెబుతున్నాను, తీయలేదు. ఆయన నేల మీద చెయ్యి కొట్టి ఒట్టు పెట్టాడు. "నీ గడప తొక్కిన దినం, ఈ చేత్తో మళ్ళీ పానా పట్టను."

పానా పట్టకపోతే దస్తయ్యకి ఇంకేముంది? ఒక గుడిసె, ఒక పెట్టె, నూనె మరకల పంచె. అంతే.

ఆయన పని తీరు వేరు. నట్టుకి పానా తగిలించి చెయ్యి వదిలేసేవాడు. "కూర్చుందా?" అని తనను తానే అడిగేవాడు. పానా ఊగకుండా నిలబడితే "కూర్చుంది" అనేవాడు. అప్పుడే తిప్పేవాడు. బండివాడు ఎంత తొందరపెట్టినా అంతే.

ఒక దినం ఓబులేశు అని రాళ్ళు కొట్టే మనిషి ఒక సీమబండి తోసుకుంటూ వచ్చాడు. మిలట్రీవాళ్ళు వేలంలో అమ్మేసిన ముసలి బండి. ఎవరినో అడిగి తెచ్చుకున్నాడు. వెనక చక్రం కల్లు తాగినట్టు ఊగుతోంది.

"బిరీన చూడు మేస్త్రీ. కనుమ అవతల మా యమ్మ పోయేట్టుండాది. నా చేతి నీళ్ళు తాగందే పోనని ప్రాణం పట్టుకోనుండాదంట."

దస్తయ్య బండిని మొద్దు మీదికెత్తాడు. ఇరుసు నట్టు వదులైంది. బిగిస్తే చాలు.

ఇరవై నాలుగో నంబరు పానా పెట్టాడు. లొడలొడ. "కూర్చుందా? కూర్చోలేదు."

ఇరవై రెండు పెట్టాడు. నట్టు మీదికి ఎక్కనే లేదు. "కూర్చుందా? కూర్చోలేదు."

ఇరవై మూడు పెట్టాడు. ఎక్కింది. చెయ్యి వదలగానే తల వాల్చేసింది. "కూర్చుందా? కూర్చోలేదు."

కొందరు ఇరవై ఒకటి కూడా పెట్టాడని చెబుతారు. ఇరవై రెండే ఎక్కని నట్టుకి ఇరవై ఒకటి ఎవడు పెడతాడు? ఇంకొందరు ఏ నట్టుకైనా సరిపడే స్క్రూ పానా ఏమైందంటారు. అది అప్పటికి ఆ కనుమ మొహం చూడలేదు.

"సందులో రేకు ముక్క దోపి తిప్పప్పా!" అన్నాడు ఓబులేశు.

"రేకు దోపితే నట్టు మూలలు పోతాయి. మూలలు పోయిన నట్టు ఇంక ఎవురి మాటా వినదు. నడి కనుమలో చక్రం ఊడి నువ్వు లోయలో పడితే, మీ యమ్మ నోట్లో నీళ్ళు ఎవురు పోస్తారు? దీనికి ఇంచీ పానా కావాల."

"యాడుంటాది అది?"

దస్తయ్య బాట అవతలికి చూశాడు.

ఓబులేశు పరుగెత్తాడు. ఖాసిమయ్య మంచం మీంచి లేవలేదు. "ఆ దొంగ చెయ్యిపెట్టిన బండి నేను ముట్టను. పానా కావాలంటే చెయ్యిపెట్టినోడే వచ్చి అడగాల."

ఓబులేశు తిరిగొచ్చి ఆ మాట చెప్పాడు. చెప్పి, బండి పక్కన కూలబడి ఏడ్చాడు. అంత మనిషి, రాళ్ళు పగలగొట్టే మనిషి.

దస్తయ్య చేతులు తుడుచుకుని బాట దాటాడు. గడప బయట నిలబడ్డాడు.

"ఓ ఖాసిమయ్యా!" పలకలేదు.

"ఓ మేస్త్రీ!" పలకలేదు.

"అన్నా!"

"అన్న కావాలంటే లోపలికి రా. వాకిట్లో అరిచేవాడికి నేను అన్నను కాను."

దస్తయ్య చెప్పులు విడిచాడు. గడప తొక్కాడు.

ఖాసిమయ్య పెట్టె తెరిచి ఇంచీ పానా తీశాడు. "ఇంద, పట్టు."

దస్తయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "పట్టను. గడప తొక్కినాను గదా."

ఖాసిమయ్య భార్య సైదమ్మ పొయ్యి దగ్గర నుంచి అరిచింది. "ఒట్టు తీసి గట్టున పెట్టు మరిదీ! అవతల మనిషి పోతావుంటే!"

"మనిషి పోతావుండాదనే గడప తొక్కినాను వదినా. ఒట్టు మటుకు ఒట్టే."

"ఒట్టు నా గడప మీద పెట్టినావు. నేనే వదిలేస్తా పో" అన్నాడు అన్న.

"పెట్టింది నేను. నువ్వు వదిలేస్తే ఎట్ల పోతాది?"

"మరి నట్టు ఎవురు తిప్పాల?"

"నువ్వే రావాల అన్నా."

ఖాసిమయ్య పానా వంక చూశాడు. తమ్ముడి చేతుల వంక చూశాడు. లేచాడు.

అన్న బాట దాటి రావడం కనుమ జనమంతా చూశారు. నట్టుకి పానా పెట్టి తిప్పబోయాడు.

"ఆగన్నా. చెయ్యి వదులు."

వదిలాడు. అప్పుడు అడిగాడు అన్న, "కూర్చుందా దస్తయ్యా?"

దస్తగాడు అనలేదు. దస్తయ్యా అన్నాడు.

దస్తయ్య వంగి చూశాడు. పానా ఊగలేదు. "కూర్చుంది" అన్నాడు. అన్న బిగించాడు.

ఓబులేశు కనుమ దాటాడు. ఆ తల్లి కొడుకు చేతి నీళ్ళు తాగింది. "వచ్చినావా" అంది. పోయింది.

దస్తయ్య మళ్ళీ పానా పట్టలేదు. రెండు పెట్టెలూ ఒక అంగట్లోకి చేరాయి. అన్న పానా పెట్టి అడిగేవాడు, తమ్ముడు పక్కన రాయి మీద నుంచి వంగి చూసి చెప్పేవాడు. పోయిన పానా తర్వాత దొరికిందని కొందరు కథకి తోక కలుపుతారు. అబద్ధం. దొరకలేదు. దొరికాక కలవడం ఎవరైనా చేస్తారు. వాళ్ళు దొరక్కుండానే కలిశారు.

ఒక వానాకాలం దస్తయ్య పోయాడు. మట్టి చేసి వచ్చాక అన్న కొన్నాళ్ళు అంగడి తెరవలేదు. తెరిచిన దినం పాలక్యాన్ల బండివాడు వచ్చాడు. ఖాసిమయ్య పానా తగిలించి చెయ్యి వదిలాడు.

"కూర్చుందా దస్తయ్యా?"

రాయి ఖాళీగా ఉంది. ఆయన తిప్పలేదు.

"కూర్చుందా దస్తయ్యా?"

"తిప్పు తాతా, పాలు ఇరిగిపోతాయి!"

"కూర్చుందా దస్తయ్యా?"

"ఎవుర్ని అడుగుతుండావు తాతా? ఆడ ఎవురూ లేరే!"

"నువ్వు లేవా? ఎక్కి పొయ్యేది నువ్వే గదా. వంగి చూసి చెప్పు."

పాలవాడు బండి మీంచి దిగాడు. వంగాడు. చూశాడు. "కూర్చుంది తాతా" అన్నాడు. అప్పుడు తిప్పాడు ఖాసిమయ్య.

ఇప్పుడు కనుమకి తారొచ్చింది. అంగళ్ళు వరసగా వచ్చాయి. అయినా గువ్వల కనుమలో ఇప్పటికీ నట్టుకి పానా పెట్టి చెయ్యి వదులుతారు. "కూర్చుందా దస్తయ్యా?" అంటారు. బండి ఎవరిదైతే వాళ్ళు దిగి, వంగి, చూసి జవాబు చెప్పాలి. ఎంత పెద్దవాడైనా సరే. చెప్పందే తిప్పరు.

ఇంకొకటి. దస్తయ్య పేరు చెప్పి అడిగితే, పగవాడికైనా పానా లేదనకూడదు. మా ఎదురింటివాడు ఆ పేరు చెప్పి అడిగాడు, ఇచ్చాను. మాట మాత్రం కలపలేదు.

కథ కనుమెక్కి అవతలికి పోయింది. మనం ఇవతలే ఉన్నాం. ఊకొట్టినవాళ్ళు చెప్పండి.

కూర్చుందా?