బల్ల మోసే సింహం

"ఏడు సంద్రాలవతల చలువరాతి మేడ,
మేడలోన బల్ల, బల్ల కింద..."

ఆ పైన గుర్తు రాదు రాజకుమారి కువలయకు. చిన్నప్పుడు దాది పాడిన పాట. ఇప్పుడా మేడలోనే బందీగా కూర్చుంది పాపం. గండశిలుడనే మాంత్రికుడు ఎత్తుకొచ్చాడట ఆమెని. వచ్చే పున్నమికి పెళ్ళన్నాడు.

మేడ నడివాకిట చలువరాతి బల్ల. దాన్ని ఆ పక్కొకటి ఈ పక్కొకటి రెక్కల సింహాలు మోస్తున్నాయి, రాతిలో చెక్కినవే. బల్ల నిండా వెండి గిన్నెలు, వచ్చినవాళ్ళు చూసి నోళ్ళు తెరవాలని. ఒక సింహానికి మాటలొచ్చు. తన పాదం కింది గుంటలో చీమ ఉందనీ, మాంత్రికుడి ప్రాణం అందులోనే ఉందనీ, బరువు దిగితే తొక్కేస్తాననీ చెప్పింది. కువలయ కాలికేమో గొలుసు. బల్ల జానెడు దూరంలో అందకుండా ఉండేది.

ముగ్గురు రాచకొడుకులు ఆమె కోసం బయలుదేరారు. ఏడు సంద్రాలు దాటి ముందు పెద్దవాడొచ్చాడు. కువలయ అంతా విడమరిచి చెప్పింది. అతను దూలాలన్నీ వెతికాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో గాక చీమలో ఉంటుందా అని నవ్వాడు. సాయంత్రం గండశిలుడొచ్చి అతన్ని రాతి పీట చేశాడు.

ఏడు సంద్రాలు దాటి నడిపివాడొచ్చాడు. మళ్ళీ విడమరిచి చెప్పింది. గిన్నెలు దించడం దాసీల పనన్నాడు. కత్తితో సింహాన్ని ఒక్కటేశాడు. కత్తి విరిగింది. రెండో పీట తయారైంది.

ఏడు సంద్రాలు దాటి చిన్నవాడు విజయాంకుడొచ్చేసరికి కువలయకు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. తలైనా తిప్పలేదు.

"చిలక లేదు. కత్తి పారదు. గిన్నెలు దించాలి. ఆపైన నీ ఇష్టం, పీటలకు కరువేం లేదు."

అతను కత్తి పక్కన పెట్టాడు. ఉత్తరీయం నడుముకు బిగించాడు.

"ఏ గిన్నె ముందు దించమంటారు?"

అప్పుడు చూసింది కువలయ అతని మొహంలోకి.

గిన్నెలన్నీ దించాడు. చెమటలు కక్కుతూ బల్ల పలకను పక్కకు నెట్టాడు. సింహం నూరేళ్ళ నిట్టూర్పు విడిచి, పాదమెత్తి దింపింది. గండశిలుడు ఎక్కడున్నవాడక్కడే ఇసక కుప్పయ్యాడు. గొలుసు ఊడింది. పీటలు రెండూ మనుషులై లేచాయి. లేస్తూనే పెద్దవాడు, చిలక దొరికిందా అని అడిగాడు.

రెండు సింహాలూ వాళ్ళను వీపున ఎక్కించుకుని సంద్రాలు దాటించాయి. కువలయకూ విజయాంకుడికీ పెళ్ళయింది, మనవల మనవలదాకా రాజ్యమేలారు. అంతకాలమూ వాళ్ళ కోటలో బల్లన్నదే లేదు. ఎందుకంటే పెళ్ళినాడు ఎగిరిపోతూ సింహం కువలయతో ఆఖరుగా ఒక్క మాటంది:

"తల్లీ, ఇకనైనా నేలమీద విస్తరేసుకుని తినండి."