నూనె తగ్గించిన ఆవకాయ

హైదరాబాదులో వ్యాపారస్తులకు సలహాలిచ్చే ఒక కన్సల్టింగ్ కంపెనీలో నందకిశోర్ అనే యువకుడు పనిచేసేవాడు. తెలివైనవాడే గానీ, ఎవరేమడిగినా "తెలియదు" అనడం మాత్రం అతనికి చేతనయ్యేది కాదు.

సలహా కోసం పిలిచినవాళ్ళ ముందు తడబడితే పరువు పోతుందని అతని భయం. అందుకని తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ ఒకే గొంతుతో చెప్పేవాడు. వినేవాళ్ళకు తేడా తెలిసేది కాదు. అతని పై అధికారి విశాలాక్షికి మాత్రం అనుమానంగానే ఉండేది.

"కనుక్కుని చెబుతాను అంటే మన చదువేం తరిగిపోదు, కిశోర్," అనేది ఆమె.

"అలాగే మేడమ్," అనేవాడు.

ఒక వేసవిలో తణుకులోని పచ్చళ్ళ కంపెనీ పని అతనికి అప్పగించారు. సరుకును ఊళ్ళకు చేర్చే ఖర్చు ఎలా తగ్గించాలో చెప్పాలి. బాగా చేస్తే తర్వాతి పనికి అతనే బృందనాయకుడు. కంపెనీ యజమానురాలు మాణిక్యమ్మ అతను చెప్పిందంతా ఓపిగ్గా విని, లేవబోతూ ఒక మాట అడిగింది.

"బాబూ, పట్నంవాళ్ళు మా ఆవకాయలో నూనె మరీ ఎక్కువంటున్నారు. సగానికి తగ్గిస్తే ఏడాది నిలవుంటుందంటారా?"

గదిలో అందరూ అతనివైపే చూశారు. కిశోర్ ఆవకాయ తిన్నాడే గానీ, కలపడం ఎన్నడూ చూడలేదు.

"ఉంటుందండీ. ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు," అన్నాడు.

"మీరే అన్నాక ఇంకేం కావాలి," అంది మాణిక్యమ్మ.

వారం తిరగకముందే ఆమె ఫోన్ చేసింది.

"బాబూ, కాయలు దిగాయి. రేపట్నుంచి కొట్టిస్తున్నాను. ఈ ఏడు సరుకంతా మీరు చెప్పినట్టే, సగం నూనె."

సరుకంతా అనేసరికి కిశోర్ ఆలోచనలో పడ్డాడు. ఆవకాయకు పనికొచ్చే మామిడికాయ ఏడాదికొకసారే వస్తుంది. పచ్చడి పాడైతే మళ్ళీ వేసవిదాకా ఆమెకు అమ్ముకోవడానికి ఆవకాయ ఉండదు. తెలియక తిన్నవాళ్ళ సంగతి సరేసరి. ఆహార పదార్థాల పరీక్షశాలలో పనిచేసే స్నేహితురాలికి వెంటనే ఫోన్ చేసి అడిగాడు.

"పరీక్ష చెయ్యకుండా ఎలా చెప్పను?" అంది ఆమె. "ఇంతకీ నిలవుంటుందని ఎవరన్నారు?"

"నేనే."

"నీకెవరు చెప్పారు?"

కిశోర్ ఫోన్ పెట్టేశాడు.

తప్పు ఒప్పుకుంటే నాయకత్వం చేజారుతుంది. ఊరుకుంటే పచ్చడి పాడవకపోవచ్చు కూడా. ఏమీ కాదులే అని కాసేపు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అదీ తెలియకుండా అంటున్న మాటేనని అంతలోనే తోచింది. మాణిక్యమ్మకు ఫోన్ చేశాడు.

"ఆ నూనె సంగతి నాకు తెలియదండీ. తెలియకుండానే చెప్పాను. దయచేసి ఆపించండి."



"ఇంకా ఏమేం తెలియకుండా చెప్పారు బాబూ?" అని అడిగింది ఆమె.

సరుకు రవాణా గురించి అతను చెప్పినవన్నీ సరైనవే. అయినా ఇప్పుడు ఆమె ఒక్కటీ నమ్మలేదు. ప్రతి మాటకూ ఆధారం చూపమంది. కిశోర్ మళ్ళీ తణుకు వెళ్ళి ఒక్కొక్కటే చూపించుకుంటూ వచ్చాడు. ఆలోగా బృందనాయకత్వం మరొకరికి వెళ్ళిపోయింది. మాణిక్యమ్మ ఏడాది సరుకును పాత కొలతతోనే కలిపించి, ఒక్క జాడీలో మాత్రం నూనె సగం పోయించి చూసింది. వర్షాలు మొదలయ్యేసరికి దాని మీద బూజు కట్టింది.

పని ముగిసే రోజున విశాలాక్షి కూడా తణుకు వచ్చింది. అన్నీ అయ్యాక మాణిక్యమ్మ కిశోర్‌ను అడిగింది.

"మన గోంగూర పచ్చడి బరంపురం వైపు అమ్ముడుపోతుందంటారా?"

కిశోర్ ఒకసారి విశాలాక్షి వైపు చూశాడు.

"తెలియదండీ. కనుక్కుని చెబుతాను," అన్నాడు.

"ఎప్పటికి?"

"వచ్చే శుక్రవారానికి."

మాణిక్యమ్మ తన మేనేజరు వైపు తిరిగింది.

"అయితే బరంపురం పంపాలనుకున్న లారీని శుక్రవారం దాకా ఆపు. ఈ అబ్బాయి చెప్పాక చూద్దాం," అంది.

తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునేవాడు తెలుసని చెప్పినప్పుడే లోకం నమ్ముతుంది.