బానయ్య తల అడ్డంగా ఊపాడు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మన ఊరు కాదే నూకాలూ, సముద్రం అడుగున పగడపు దిబ్బల ఊరు. ఆ ఊళ్ళో బానయ్య అని ఒక చేప ఉండేవాడు. నోరు తెరిచాడంటే నీళ్ళబానే. ఆ పక్క రాళ్ళ సందులో మలుగమ్మ ఉండేది. తాడంత పొడుగు, చూడ్డానికి అచ్చం పామే, కానీ చేపే.

చిన్న చేపలు బానయ్యని చూడగానే సందుల్లోకి దూరిపోయేవి. ఆయన తల వాటిలో పట్టదు. మలుగమ్మ సందులోకి దూరితే అవి బయటికి పారిపోయేవి. ఆవిడకి అంత పరుగు లేదు. అలా ఇద్దరికీ కడుపులు మాడిపోతున్నాయి. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే ఈదడానికి కూడా ఓపిక ఉండదు.

అప్పుడు బానయ్య మలుగమ్మ గుమ్మం ముందుకొచ్చి తల అడ్డంగా గబగబా ఊపాడు. వాళ్ళ జాతిలో అలా ఊపితే, "రా, కలిసి వేటకి పోదాం" అని. మలుగమ్మకేం తెలుసు? మనలాగే, "వద్దంటున్నాడు" అనుకుంది.

నోటితో పిలవొచ్చుగా అంటావా? వేట మాట పైకి అంటే చిన్న చేపలు వినేయవూ!

"నేనేమడిగానని వద్దంటున్నాడు? ఎక్కడో తిండి దాచాడు. అటు రావద్దంటున్నాడు," అనుకుని మలుగమ్మ లోపలికి జరిగింది.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇంకా గట్టిగా ఊపాడు. మలుగమ్మకి అనుమానం ముదిరింది. "ఇంత గట్టిగా వద్దంటున్నాడంటే, దాచింది చిన్నదేం కాదు."

మూడో రోజు ఆయన తల ఊపి వెళ్ళిపోతుంటే, చప్పుడు లేకుండా వెనకాలే పోయింది. కొంత దూరం పోయాక బానయ్య ఒక సందు మీద ఆగాడు. తోక పైకి, తల కిందికి పెట్టి కదలకుండా నిలబడ్డాడు. వాళ్ళ జాతిలో అలా నిలబడితే, "చేపలు ఇందులోనే దాక్కున్నాయి" అని.

"ఓహో, కొంగ జపం! దాచింది ఇక్కడే," అని మలుగమ్మ రివ్వున ఆ సందులోకి దూరింది. లోపలున్న చేపలు బెదిరి బయటికి దూకాయి. రెండు సూటిగా బానయ్య నోట్లో పడ్డాయి. మూల ఇరుక్కున్న లావుపాటిది ఒకటి మలుగమ్మకి దొరికింది.

ఆవిడ దాన్ని మింగి బయటికొచ్చి తిట్టింది. "నీ నోరు మండ! నా చేత తరిమించి నువ్వు తింటావా?"

"నీ దవడ ఇంకా ఆడుతోందే వదినా!" అని నవ్వాడు బానయ్య. "మూడు రోజులుగా పిలుస్తుంటే ఇవాళ్టికి దయ కలిగిందా?"

"పిలిచావా? అడ్డంగా ఊపావుగా!"

"మరి పిలవడానికి నిలువుగా ఊపుతారా ఎవరైనా?"

ఆ తర్వాత రోజూ కలిసే వెళ్ళేవాళ్ళు. లోపల దొరికింది ఆవిడది, బయటపడింది ఆయనది.

నమ్మకం కుదిరిందా అంటావా? ఎక్కడే! బానయ్య నోరు తన వైపు తిరిగితే మలుగమ్మ చటుక్కున రాయి చాటుకి పోయేది. మలుగమ్మ పళ్ళు కనిపిస్తే బానయ్య రెండు బారలు వెనక్కి జరిగేవాడు. ఆ రెండు బారల ఎడం అలాగే ఉంచుకుని, ముసలాళ్ళయ్యేదాకా కడుపునిండా తిన్నారు.

కథేమో కంచికి,
అలేమో గట్టుకి,
మలుగమ్మ సందుకి,
నిద్దరేమో కంటికి.