లోపలికి!

పందొమ్మిది వందల ముప్ఫై ఏడో సంవత్సరం, నడివేసవి. అర్జెంటీనాలో నడివేసవి అంటే జనవరి. ఉత్తరాన సాంటియాగో దెల్ ఎస్తేరో అనే ఎండు సీమలో అప్పటికి ఏడాదిగా చినుకు రాలలేదు. పశువులు బక్కచిక్కాయి. మనుషులు మాత్రం ఆదివారం ఆట మానలేదు.

ఆ ఆట ఒక నాట్యం, పేరు చకరేరా. ఆడా మగా ఎదురెదురుగా నిలబడి, ఒకరినొకరు తాకకుండా, చిటికెలు వేస్తూ ఆడతారు. ముందు గిటార్లు కాసేపు మోగుతాయి. అప్పుడు ఎవరో ఒకరు "ఆదెంత్రో!" అని కేక పెడతారు. లోపలికి, అని అర్థం. ఆటలోకి దిగమని పిలుపు. ఆ కేక పడితేగాని కాలు కదలదు, పడ్డాక ఆగదు.

బెనీతా అనే ఆమె దోన్ హిలారియో అనే ముసలాయన దగ్గర డోలు నేర్చుకుంటోంది. దోన్ అంటే మన గారు లాంటిది. చనిపోయిన తండ్రి డోలు ఆమె దగ్గరుంది. చెట్టు మొద్దు తొలిచి, దానికి మేకతోలు ఆయనే స్వయంగా బిగించాడు. బెనీతా దాన్ని దుప్పట్లో చుట్టి ప్రతి ఆటకీ మోసుకొచ్చేది గాని విప్పేది కాదు. వాయించడమంతా గురువు డోలు మీదే. డోలుకు ఇంకా జలుబు తగ్గలేదా అని జనం ఆటపట్టించేవాళ్ళు.

ఒకనాడు ఆమె గురువునే అడిగింది. "దెబ్బ దెబ్బకీ మా నాన్న చేతిపని అరిగిపోతుంది గదా, దోన్ హిలారియో. వాయించాలా, దాచుకోవాలా?"

ముసలాయన చెవి గోక్కుని, ఆదివారం ఆట జరిగే పెత్రోనా ఇంటికి రమ్మన్నాడు. ఆదివారం వచ్చింది. ఆయన తన డోలు ఇంట్లో వదిలేసి చేతులూపుకుంటూ వచ్చాడు.

వాకిట్లో జంటలు నిలబడ్డాయి, గిటార్లు అందుకున్నాయి. ఇంతలో దక్షిణాన నల్లగా మబ్బు లేచి, చూస్తుండగానే నెత్తి మీదికొచ్చింది. పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. గిటార్లు తడిసిపోతాయని ఇల్లాలు పెత్రోనా గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, అందర్నీ ఇంట్లోకి రమ్మని గొంతెత్తి అరిచింది.

"ఆదెంత్రో!"

సరిగ్గా గిటార్ల మొదటి వరస అప్పుడే ముగిసింది. ఇంటివైపు తిరగబోయిన కాళ్ళు కూడా గిర్రున వెనక్కి తిరిగాయి. ఆట మొదలైంది. ఆవిడ తలబాదుకుని మళ్ళీ అరిచింది. వీళ్ళు ఇంకా హుషారెక్కారు. మొగుడు వానలో ఆడుతూనే, "ఇంకోసారి కేక పెట్టు పెత్రోనా, రెండోది కూడా ఆడేస్తాం," అన్నాడు.

అంతలో వాన రేకుల కప్పు మీద కుండపోతగా కురిసింది. ఆ హోరులో గిటార్లు వినపడలేదు. కాళ్ళు తడబడ్డాయి, జంటలు ఒకళ్ళ దారికి ఒకళ్ళు అడ్డం వచ్చారు. ఆ హోరుకు ఎదురు నిలిచేది డోలొక్కటే. అందరూ దోన్ హిలారియో వైపు చూశారు. ఆయన ఖాళీ అరచేతులు చూపించాడు. అప్పుడందరూ దుప్పటి వైపు చూశారు.

బెనీతా అప్పటికే డోలు గుండెకు హత్తుకుని గుమ్మంలో ఒక కాలు పెట్టింది. ఆ కాలు వెనక్కి తీసుకుంది. దుప్పటి బురదలో పడింది. మొదటి దెబ్బకే వాకిలంతా తలెత్తింది, రెండో దెబ్బకి కాళ్ళు దారిలో పడ్డాయి. ఏడాదిగా ఎండిన నేల మీద జనం మోకాళ్ళ దాకా బురద చిమ్ముకుంటూ ఆడారు. చివరికి పెత్రోనా కూడా చెప్పులు విసిరేసి దిగింది. బెనీతా ఏడుస్తోందో నవ్వుతోందో వానలో తెలియలేదు. చెయ్యి మాత్రం తప్పలేదు.

మర్నాడు ఎండ కాసింది. ఆమె డోలు తీసుకుని గురువు దగ్గరికి వెళ్ళి ఆయన ముందు పెట్టి, తన ప్రశ్నకు జవాబేమిటని అడిగింది.

ముసలాయన డోలు అంచు నిమిరాడు. "పెత్రోనా లోపలికి రమ్మంది. నువ్వొక్కదానివే గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి లోపలికి వచ్చావు," అన్నాడు.

తోలు తడిసి, సాగి, ఎండకు బిగుసుకుని నడిమికి చిరిగి ఉంది. తండ్రి బిగించిన తోలు అదొక్కటే.